పాట చాలని బొమ్మ

నాచారం,
22 జూన్ 2025

తమ్ముడు మహిపాల్‌కు అక్క తారామణి రాస్తున్నది.

ములాఖాత్‌కు ఎవరూ జైలుకు రావద్దన్నావు, రావడం లేదు. ఫోన్‌లో నీకిచ్చే ఆ కాస్త సేపూ నువ్వు "అందరు మంచిగున్నరా" అనడానికీ, కావ్య "మంచిగనే ఉన్నం" అనడానికీ సరిపోతోంది. అందుకే కాగితం పట్టుకున్నాను. నేను మొదలుపెడితే ఆగనని నీకు తెలుసు. అక్కడ నీకు తీరికకేం తక్కువ, ఓపిగ్గా చదువు. ఈ మాటకు కోపం తెచ్చుకోకు. ఏడాది నుంచి నీ గురించి జాలిగా మాట్లాడి మాట్లాడి నాకే రోత పుట్టింది.

ముందు అసలు సంగతి. మొన్న బుధవారం జనగామ నుంచి మీ మామ చంద్రయ్య వచ్చాడు. కూతుర్నీ మనవరాల్నీ నా ఇంట్లోంచి తీసుకుపోతాడట. గౌతమిని అక్కడ హాస్టల్ బడిలో వేస్తాడట. "పన్నెండేండ్ల పిల్ల ఇంక అక్షరాలు దిద్దుడేంది? మీ బడిల ఆటలాడిపిచ్చి ఆగం జేస్తున్నరు. నాలుగు దెబ్బలు వడితె చదువు అదే వస్తది" అన్నాడు, నా ఇంట్లో కూర్చుని, నా చాయ్ తాగుతూ. గౌతమి తలుపు పక్కనే ఉంది. నేను చేయాల్సిన గొడవంతా చేశాను. కావ్య మాత్రం ఒకటే మాట మీద నిలబడింది, "ఆయన ఏమంటె అది" అని.

కాబట్టి నువ్వు ఒక్క మాట రాయాలి, వద్దు అని. పాత బడిలో ఏం జరిగిందో నీకు గుర్తుంది కదా. పుస్తకం తెరిస్తే అక్షరాలు కదులుతున్నాయి అని ఆ పిల్ల ఉన్నమాట చెప్తే, సాకులు చెప్తోందని బెంచీ ఎక్కించారు. ఇంటికొచ్చి వారం పాటు ఎవరితోనూ నోరు విప్పలేదు. డాక్టరు చూసి, ఇది బద్ధకం కాదమ్మా, చదువు పట్టుకునే తీరే వేరు అని చెప్పాక గదా మా బడికి తెచ్చుకున్నాం. మళ్లీ ఎవరైనా బెంచీ ఎక్కిస్తే ఈసారి ఆ నోరు తెరుచుకోదేమోనని నా భయం.

ఇక మంచి కబురు. మా బడిలో మెట్ల కింది స్టోరు గదిని ఫొటోలు కడిగే డార్క్‌రూమ్ చేశాను. ఉప్పల్‌లో మూతపడిన ఒక స్టూడియో నుంచి పాత ఫిల్ము కెమెరా, ఫిల్ము మీది బొమ్మను కాగితం మీదికి దించే ఎన్‌లార్జర్ తెచ్చాం. కిటికీకి నల్ల రెక్సిన్ కొట్టి ఎర్ర బల్బు పెట్టాం. అందరి చేతుల్లో ఫోన్లుండగా ఇదేం పిచ్చి అని మా హెడ్ తల పట్టుకుంది. ఫోన్‌లో ఒక్క నొక్కుతో అయిపోతుంది, మా పిల్లలకు అందులో చేసేదేముంది? ఇక్కడ తెల్ల కాగితం మొదటి ట్రేలో వేస్తే బొమ్మ తేలుతుంది. రెండో ట్రేలో వేస్తే అక్కడికి ఆగుతుంది. మూడోది ఫిక్సర్, అందులో బాగా నానితేనే బొమ్మ నిలుస్తుంది, లేకపోతే వెలుతురు తగిలి నల్లబడుతుంది. మూడు పనులు చెప్తే రెండోది మరిచిపోయే పిల్లలు వీళ్లు. అయినా చేతికి తడి తగిలి, ముక్కుకు ఆ ఘాటు తగిలి, కళ్లముందు బొమ్మ తేలుతుంటే వాళ్ల చేతులు నేర్చేసుకుంటున్నాయి.

గడియారంతోనే చిక్కొచ్చింది. ముల్లు చూసి సమయం పట్టడం సగం మందికి రాదు, గౌతమికి అసలే రాదు. అందుకని పాట పెట్టాను. ఫిక్సర్‌లో కాగితం వేసి ఎవరి పాట వాళ్లు లోలోపల చివరిదాకా పాడుకోవాలి, పాట అయ్యాకే తీయాలి. చీకటంటే వణికే హృషికేశ్ వాళ్ల నానమ్మ నేర్పిన దండకం అందుకుంటాడు. ఇంకో పిల్లది బతుకమ్మ పాట. మన గౌతమి ఏది ఎంచుకుందో చెప్పు చూద్దాం? పొద్దున గల్లీలోకి వచ్చే చెత్త ఆటో పాట. నవ్వి నవ్వి నాకు పొలమారింది. సరే కానీ అన్నాను. ఆ పిల్ల నోరు తెరిచి నాకిది కావాలి అని ఎన్నాళ్లయింది?

కవర్లో ఉన్నది తను తీసి, తనే కడిగిన మొదటి బొమ్మ. నేను వేలు కూడా పెట్టలేదు. ఏం బొమ్మో రాయను, నువ్వే చూడు. "ఇయ్యాల్నే పంపు అత్తమ్మ" అని ప్రాణం తీస్తుంటే ఆరీ ఆరకముందే కవర్లో పెడుతున్నాను. చూసి, ఈ పిల్లను ఈ బడి మాన్పించాలో వద్దో నువ్వే చెప్పు.

నీ మాట కోసం గుమ్మం వైపు చూస్తూ,
అక్క తారామణి


చర్లపల్లి,
3 జూలై 2025

అక్కా,

నీ కవరు అందింది. ఇక్కడికి ఏది వచ్చినా తెరిచి చూసి ఇస్తారు, అది నీకు తెలిసిందే. నా దాకా వచ్చేసరికి చాలామంది చూశారు. మా బ్యారక్‌లో పక్కవాడు నా చేతిలోంచి లాక్కుని అటూ ఇటూ తిప్పి ఒక మాట అన్నాడు. ఆ మాట నీకు రాయలేను. అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టు చేశాను.

నువ్వు పంపినదాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశాను. ఎందుకు పంపావో అర్థమైంది. ఇట్లాంటిది ఇంకెప్పుడూ పంపకు. నన్ను సంతోషపెట్టడానికి తిప్పలు పడకు.

మామ మాట మీద ఆలోచిస్తున్నాను. ఆయన అన్నదాంట్లో తప్పేముంది అనిపిస్తోంది. ప్రమాదం జరిగిన రోజు కంపెనీలో షిఫ్టు బాధ్యత నాది, ప్రాణం పోయిన మనిషి నా కింద పనిచేసినవాడు. శిక్ష పడింది, వచ్చే ఏటి బోనాలు దాటితే గాని నేను బయటికి రాను. అప్పటిదాకా నా పిల్ల ఎక్కడ పెరగాలో చెప్పడానికి నాకేం ముఖముంది?

కావ్య ఇంకా ప్యాకింగ్ కంపెనీలో నైట్ డ్యూటీయే చేస్తోందా? వానలు పడుతున్నాయి, రోడ్డు మంచిది కాదు. చూసుకుని రమ్మను.

మహిపాల్


నాచారం,
9 జూలై 2025

తమ్మీ,

నీ ఉత్తరం చదివి ముందు నిన్ను తిట్టాను, తర్వాత నన్ను తిట్టుకున్నాను. కవర్లు తెరుస్తారని తెలిసి కూడా అలాంటి బొమ్మ పంపడం నాదే బుద్ధితక్కువ. అందులో ఏముందో ఇక్కడ మళ్లీ రాయను, ఈ కవరూ ఎవరో తెరుస్తారు. వాళ్లు నవ్వారని రాశావే, ఆ ముక్క చదివి నాకు ఒళ్లు మండిపోయింది. నేను ఆ బొమ్మను చూసిన చూపు వేరు. బడిలో అందరం మెచ్చుకున్నాం. నీ చోటు నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఆలోచించలేదు.

గౌతమిని కూర్చోబెట్టి, ఇకమీద అలాంటివి తీయొద్దని చెప్పాను. పూలకుండీలు తియ్యి, మెట్రో స్టేషన్ తియ్యి, గల్లీలో కుక్కపిల్లల్ని తియ్యి అన్నాను. "నానకు మంచిగ అనిపియ్యలేదా?" అని అడిగింది. నానకు కోపమొచ్చింది బిడ్డా అన్నాను. లోపలికి పోయి కెమెరా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఆ రోజు నుంచి డార్క్‌రూమ్ తలుపు దాకా వస్తుంది, లోపలికి రాదు. మిగతా పిల్లలు బొమ్మలు ఆరేస్తుంటే బయట మెట్ల మీద కూర్చుని చెప్పు పట్టీ పెడుతూ తీస్తూ ఉంటుంది.

బొమ్మ చూసి నీకు కోపమొచ్చిందన్న మాట కావ్య చెవినా పడింది. ఆమె ఏమన్నదో రాయడానికి నాకు మనసు రావడం లేదు. కోపమైతే తిట్టి ఊరుకునేది, ఇది అంతకంటే పెద్దది. మామ ఫోన్ చేస్తే ఇదివరకు "ఆయన ఏమంటె అది" అనేది. ఇప్పుడు "సూస్త నాయినా" అంటోంది. మామ మాటకే మొగ్గుతోందని నా భయం.

అందుకే మళ్లీ అడుగుతున్నాను. నా మీద ఎంత కోపమైనా పెట్టుకో, గౌతమి మీద పెట్టుకోకు. వద్దు అని ఒక్క మాట రాసి పంపు. కావ్యకు నువ్వే రాయి, ఒక మంచి మాట కూడా కలిపి రాయి. ఆ మాట నేను చెప్తే పనిచేయదు.

అక్క


చర్లపల్లి,
18 జూలై 2025

అక్కా,

తప్పు నీదే అని ఒప్పుకున్నావు. పిల్ల మానేసిందని కూడా రాశావు. ఏదైనా వస్తే కదా మానేయడానికి.

ఇంక దాపరికం ఎందుకు? నువ్వు నాకు పంపింది నల్ల కాగితం. మధ్యలో నలుపు, అంచుల్లో గోధుమరంగు మరకలు. నా బిడ్డ తీసింది, తనే కడిగింది, నువ్వే చూడు అని రాశావు. నేను చూశాను. ఎటు తిప్పినా అదే నలుపు. "నీ బిడ్డ అమాసనాడు ఆకాశాన్ని తీసినట్టుందన్నా" అన్నాడు పక్కవాడు. నేను రాయలేనన్న మాట అదే.

దాన్ని పట్టుకుని రెండు రకాలుగా ఆలోచించాను. పిల్లకు ఏమీ రాదు, నువ్వు నన్ను ఊరడించడానికి కథ అల్లావు. లేదంటే గౌతమికి అన్నీ తెలుసు, నాన నల్లముఖం నానకే పంపింది. మొదటిదైతే నీ బడి దండగ. రెండోదైతే ఆ పిల్లకు నేనే దండగ. నీ రెండో ఉత్తరం చూశాక మొదటిదే నిజమనుకున్నాను.

మామకు ఒప్పుకుంటున్నానని రాశాను. ఆ ఉత్తరం నిన్ననే పోయింది. హాస్టల్‌లో పదిమంది పిల్లల్లో పడితే నా సంగతి మరిచిపోతుంది. అమ్మ పోయాక నన్ను సాకిందానివి నువ్వు, నా కోసం అబద్ధమాడితే నేను కోప్పడను. కానీ నా బిడ్డ పేరు మీద ఆడకు అక్కా.

మహిపాల్


నాచారం,
24 జూలై 2025

మహిపాల్,

నేను పంపింది నల్ల కాగితం కాదురా. అది కావ్య బొమ్మ.

నైట్ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ముందు గదిలో చాప మీద ఒరిగిపోయి నిద్రపోతున్న కావ్య. ఒక చేయి తల కింద, కొంగు జారి, నోరు కొంచెం తెరుచుకుని. అలాంటి బొమ్మను పరాయి మగవాళ్లు చూసి నవ్వారని నీకు తల కొట్టేసినట్టయిందనుకున్నాను. అందుకే క్షమించమన్నట్టు రాశాను, అందుకే గౌతమిని వద్దన్నాను. నువ్వు నల్ల కాగితం గురించి రాస్తే నేను నీ భార్య గురించి చదువుకున్నాను. నేను పేరు పెట్టి రాసి ఉంటే ఈ పాటికి అయిపోయేది.

నీ ఉత్తరం పట్టుకుని బడికి పరుగెత్తాను. హృషికేశ్ బొమ్మలు చూశాను, మిగతా పిల్లలవి చూశాను, అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. గౌతమివి ఒక్కటీ లేవు. ఇంటికొచ్చి తన బట్టల అర వెతికితే పావడాల కింద దొరికాయి. అన్నీ నలుపే. ఫిక్సర్‌లో చాలినంత సేపు నాననివి. అప్పుడు పిల్లను కూర్చోబెట్టి, నీ పాట పైకి పాడు బిడ్డా అన్నాను. పాడింది. చెత్త ఆటో పాటలో తనకు వచ్చింది మొదటి ముక్క ఒక్కటే. ఒక్క ఆవులింత సేపు పట్టలేదు. పాటకు ఒప్పుకున్నాను గాని ఒక్కసారి పాడించి వినలేదు నేను. కడగంగానే చూస్తే బొమ్మ బాగానే ఉంది, తడిమీద కవర్లో పెట్టాను, నీ దగ్గరికి చేరేలోపు నల్లబడింది.

ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదే అని అడిగాను. "నేను జేస్తె గట్లనే అయితయి అత్తమ్మ" అంది. ఏడవలేదు కూడా. తన చేతిలో ఏదైనా చెడిపోవడం రోజూ జరిగేదే అన్నట్టు చెప్పింది. తమ్మీ, నేను ఇరవై ఏళ్లుగా ఇలాంటి పిల్లలకు చదువు చెప్తున్నాను. నాకు ఆ పూట చచ్చిపోవాలనిపించింది.

నిన్న మళ్లీ లోపలికి తీసుకుపోయాను. రానంటే బతిమాలాను. ఫిక్సర్ దగ్గర నేను పక్కన నిలబడి, నాకు వచ్చిన పాటల్లో అన్నిటికంటే పొడుగుది పాడాను. పాట అయిపోయాక తీయమన్నా తీయలేదు, ఇంకొకటి పాడమంది. ఆ కావ్య బొమ్మనే ఫిల్ము నుంచి మళ్లీ దించింది, అదే ఈ కవర్లో ఉన్నది. బాగా కడిగి, బాగా ఆరేసి పంపుతున్నాను. ఇది నల్లబడదు.

ఇప్పుడు కావ్య సంగతి. "నా మొఖం ఆయనకు సిగ్గయిందా వదినె?" అంది ఆ రోజు. నేను నీకు రాయలేకపోయిన మాట ఇదే. ఇప్పుడు జరిగిందంతా చెప్పినా నమ్మడం లేదు, నేను తమ్ముణ్ని వెనకేసుకొస్తున్నానంటోంది. నువ్వు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం మామ చేతిలో ఉంది. వచ్చే సోమవారం ఇద్దర్నీ తీసుకుపోతున్నాడు. మొన్న నేను జైలు గేటు దాకా వచ్చాను, నువ్వు ఎవర్నీ కలవనని చెప్పి పంపావు. పోట్లాడటానికి వచ్చాననుకున్నావు కాబోలు. కావ్య ఇప్పుడు నీ చేతిరాత తప్ప ఇంకేదీ నమ్మదు. ఈ కవరు అందిన గంటలో రాయి. ఫోన్ వంతు వస్తే ఫోన్ చెయ్యి. నీ కాళ్లు పట్టుకుంటాను.

అక్క


చర్లపల్లి,
31 జూలై 2025

అక్కా,

కవరు ఇవ్వాళ నా చేతికి వచ్చింది. సోమవారం దాటిపోయింది. ఫోన్ వంతు అడిగి తీసుకుని కావ్య నంబరుకు చేశాను, మోగి మోగి ఆగిపోయింది. నేను ఫోన్ చేయగల నంబర్ల లిస్టులో నీది లేదు, ఆ కోపంలో నేనే తీయించాను. నేను ఎంత మూర్ఖుణ్నో అప్పుడు తెలిసింది.

బొమ్మ కనిపించింది. కావ్య నుదుటి మీద, కంపెనీలో పెట్టుకునే టోపీ ఎలాస్టిక్ గీత ఇంకా పోలేదు. మడమలు పగిలాయి. ముఖం సగమైంది. నన్ను కోర్టు నుంచి తీసుకుపోతుంటే కూడా ఆ ముఖాన్ని ఇంతసేపు చూడలేదు. గౌతమి ఎంత దగ్గరికి వెళ్లి, ఎంత మెల్లగా తీసి ఉంటే తల్లికి మెలకువ రాకుండా ఉంటుంది?

ఇంకొకటి ఉంది. నువ్వు ఎందుకు రాయలేదో తెలియదు, చూడలేదేమో. కావ్య వెనక బీరువా అద్దం ఉంది కదా, ఆ అద్దంలో ఒక మూలకు గౌతమి ఉంది. కెమెరా ముఖానికి అడ్డంగా ఉంది. ఒక జడ ఊడిపోయింది. యూనిఫాం పొట్టిదైంది. ఏడాదిగా నేను చూడని పిల్ల అక్కా. చూడనని నేనే ఒట్టు పెట్టుకున్న పిల్ల.

కింద రాసింది కావ్యకు చదివి వినిపించు, లేదా కాగితమే చేతికివ్వు.

కావ్యా, నిన్ను చూసి నేను సిగ్గుపడలేదు. నాకు వచ్చింది నల్ల కాగితం, దాన్ని నా బిడ్డ నా ముఖం మీద కొట్టిందనుకున్నాను. ఇప్పుడు నిన్ను చూశాను. నీ అలసట నేను తెచ్చిపెట్టింది. మామకు రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఆయనకూ వేరే రాశాను. బిడ్డను హాస్టల్‌లో ఉంచకు. ఇద్దరూ ములాఖాత్‌కు రండి. నేను ఈ బట్టల్లో కనపడితే దానికి భయమేస్తుందనుకున్నాను, నిజానికి భయం నాదే.

మహిపాల్


జనగామ,
10 ఆగస్టు 2025

తమ్మీ,

నిన్న రాఖీ. నీకు కట్టలేదు, పంపనూ లేదు. నీ కాగితం పట్టుకుని ఉప్పల్‌లో బస్సెక్కాను.

చంద్రయ్య మామ నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. "ఒప్పుకున్నది ఆయనే, వద్దన్నది ఆయనే. పిల్ల ఏమన్న బంతా?" అన్నాడు. చెడ్డవాడు కాడు, మనవరాలు హాస్టల్‌కు పోయిన రోజు తనూ అన్నం తినలేదట. దసరాదాకా ఉండనివ్వండి, అప్పుడు చూద్దాం అంటాడు. కావ్య నీ కాగితం చదివింది. మడిచి, మళ్లీ విప్పి చదివింది. ఈ పొద్దున నాతో హాస్టల్‌కు బయలుదేరింది.

ఇక్కడ వార్డెన్ ఒప్పుకోలేదు. చేర్పించింది తాత, సంతకం తాతది, ఆయన వచ్చి అడిగితేనే పిల్లను పంపుతామంది. "నా బిడ్డను ఇచ్చేదాక లేవ" అని కావ్య గేటు ముందు నేల మీద కూర్చుంది. మామకు ఫోన్ చేశాం, వస్తాననలేదు, రాననలేదు. మధ్యాహ్నం అయింది, కావ్య మంచినీళ్లు కూడా ముట్టలేదు. నేను పక్కన చెప్పుల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఈ రోజు ఎలా ముగుస్తుందో నాకు తెలియదు.

ఇందాక గౌతమిని గేటు లోపలి దాకా తెచ్చి చూపించారు. పేలు పడ్డాయని జుట్టు కత్తిరించేశారు. వార్డెన్ నన్ను పక్కకు పిలిచి, ఈ పిల్లకు పుట్టినప్పటి నుంచీ మాటలు రావా అని మెల్లగా అడిగింది. చేరిన దగ్గర నుంచీ ఎవరితోనూ ఒక్క మాట అనలేదట, మూగదనుకుని వాళ్లు సైగలతో చెప్తున్నారట. నేను ఏ భయంతో నీకు మొదటి ఉత్తరం రాశానో అదే జరిగింది.

గౌతమి ఊచలు పట్టుకుని తల్లిని చూసింది, నన్ను చూసింది. దగ్గరికి రమ్మన్నట్టు చూస్తే వెళ్లి చెవి పెట్టాను.

"నానకు నేను అవుపడ్డనా?" అంది.

నువ్వు రాసేదాకా ఆ అద్దాన్ని నేను చూడలేదని ఆ పిల్లకు చెప్పలేదు. అవుపడ్డవ్ బిడ్డా, అద్దంల అవుపడ్డవ్, నీ ఊడిపోయిన జడ కూడా సూసిండు అన్నాను. కాసేపు నా ముఖంలోకే చూసింది, నేను నిజం చెప్తున్నానో లేదో అని. తర్వాత వెనక్కి తిరిగి, తనను మూగదనుకున్న ఆ వార్డెన్‌తో, గేటు బయట కూర్చున్న తల్లికి కూడా వినిపించేంత గట్టిగా చెప్పింది.

"మా నాన నన్ను సూసిండు."

అక్క తారామణి